శుభం పడే వేళ

తెనాలిలో మా మేనత్త ఇంట్లో సాయంత్రం ఏడయిందని తెలియడానికి గడియారం అక్కర్లేదు. ఆరున్నరకి దీపం పెడుతుంది. ఆ తర్వాత బియ్యం కడిగి, ఎసరు చూసి, కుక్కరు మూత బిగించి పొయ్యి మీద పెడుతుంది. వెలిగించదు. సీరియల్లో మొదటి బ్రేక్ రాగానే లేచి వెళ్లి వెలిగిస్తుంది. రెండో బ్రేక్‌కి మూడు విజిల్స్ అయి ఉంటాయి, వెళ్లి కట్టేస్తుంది. ఎపిసోడ్ ముగిసేసరికి ఆవిరి దిగి, అన్నం వడ్డించడానికి సిద్ధంగా ఉంటుంది. ఐదేళ్లుగా ఆ ఇంట్లో రాత్రి భోజనం ఈ లెక్క ప్రకారమే నడుస్తోంది.

ఈమధ్య నేను వెళ్లిన రోజున ఆ సీరియల్ అయిపోయింది. ముందుగా ఎవరూ చెప్పలేదు. వారం కిందటిదాకా ఎక్కడి చిక్కు అక్కడే ఉంది. చివరి నాలుగు రోజుల్లోనే జైల్లో ఉన్నవాడు బయటికొచ్చాడు, తప్పిపోయిన బిడ్డ దొరికింది, ఏళ్ల తరబడి పగబట్టిన ఆడపడుచు ఒక్క ఏడుపుతో మారిపోయింది. చివరికి అందరూ వరసగా నిలబడి నమస్కారం పెట్టారు. అత్తయ్య చేతిలో రిమోట్ అలాగే ఉండిపోయింది. "అయిపోయిందిరా అబ్బాయ్" అంది. కాసేపాగి, "మరి రేపు ఏడింటికి?" అంది.

పక్కన మంచం మీద ఆవిడ మనవరాలు ఫోన్లో కొరియా సీరియల్ చూస్తోంది. ఇంటర్ చదువుతున్న పిల్ల. "నాదీ ఎల్లుండికి అయిపోతుంది నానమ్మా, పదహారో ఎపిసోడ్ వచ్చేస్తుంది" అంది. "నీకెలా తెలుసే?" అని అడిగింది అత్తయ్య. "మొదటి రోజునుంచీ తెలుసుగా" అంది ఆ పిల్ల, అందులో వింతేముందన్నట్టు. అత్తయ్యకి మాత్రం అది నిజంగా వింతే. కథ మొదలుపెట్టే రోజునే అది ఎన్నాళ్లు నడుస్తుందో చెప్పేస్తారా?

చెప్పే దేశాలున్నాయి, చెప్పని దేశాలున్నాయి. పావుగంటలో ముగించేవాళ్లున్నారు, ఒక్కో వారం రెండున్నర గంటలు కూర్చోబెట్టేవాళ్లున్నారు. కథ ఎంత పొడవుండాలో కథే తేల్చుకుంటుందని మనం అనుకుంటాం. పుస్తకంలో అది నిజం కావచ్చు. టీవీలో మాత్రం కొలత ముందు పుడుతుంది, కథ తర్వాత వచ్చి అందులో సర్దుకుంటుంది. ఆ కొలత ఎక్కడిదని వెతుక్కుంటూ పోతే ఆ దేశంలో ఎవరు ఎప్పుడు ఇంటికొస్తారు, ఎన్నింటికి తింటారు, బొమ్మకు డబ్బు ఎవరు కడతారు అన్న సంగతులన్నీ ఒక్కొక్కటే బయటపడతాయి.

అమెరికాలో అరగంట కార్యక్రమమంటే బొమ్మ ఇరవై రెండు నిమిషాలే. గంట అంటే నలభై రెండో నలభై నాలుగో. మిగిలింది ప్రకటనలది. అందుకే అక్కడి రచయితలు కథని అంకాలుగా కోస్తారు. ప్రతి అంకం చివరా ఒక మెలిక పెట్టి, ప్రకటనలు అయ్యేదాకా మనిషి కుర్చీలోంచి లేవకుండా చూస్తారు. 1950లలో ఒక సీజన్‌కి 39 ఎపిసోడ్ల దాకా తీసేవారు. ఏడాదికి 52 వారాలు కదా, మిగతా పదమూడు వారాలు వేసవిలో పాతవే మళ్లీ వేసేవారు. తర్వాత అది ఇరవై రెండుకి, ఇరవై నాలుగుకి దిగింది. సెప్టెంబరులో మొదలై మే నెలలో ముగిసే బడి లాంటి కేలండరు అది. వంద ఎపిసోడ్లు పూర్తయిన సీరియల్ అంటే అక్కడ పండగ. వారానికి అయిదు రోజుల చొప్పున ఇరవై వారాలు తిప్పి తిప్పి వేసుకోవడానికి ఊరూరి స్టేషన్లకి అమ్ముకోవచ్చు మరి. అసలు లాభం అక్కడే ఉండేది. కథ బాగుందా లేదా అన్న ప్రశ్నకి పక్కనే, వంద దాకా లాగగలమా అన్న ప్రశ్న కూడా కూర్చుని ఉండేది.

బ్రిటన్‌లో బీబీసీకి ప్రకటనలు లేవు, ఇంటింటి లైసెన్సు రుసుముతో నడుస్తుంది. కాబట్టి అక్కడ అరగంట అంటే దాదాపు అరగంటే. ఒక విడతకి ఆరు ఎపిసోడ్లు తీస్తారు. ఆ ఆరూ తరచుగా ఒకరో ఇద్దరో కూర్చుని రాసుకున్నవి. 'ఫాల్టీ టవర్స్' 1975లో ఆరు, 1979లో ఆరు వచ్చింది. జాన్ క్లీజ్, కోనీ బూత్ ఇద్దరూ రాశారు. మొత్తం పన్నెండు. యాభై ఏళ్లయినా ఆ పన్నెండూ జనం నోళ్లలో ఉన్నాయి. బ్రిటన్ 'ది ఆఫీస్' కూడా పన్నెండు ఎపిసోడ్లు, పైన ఒక క్రిస్మస్ ముగింపు. అదే కథని అమెరికా తీసుకెళ్తే తొమ్మిది సీజన్లు, 201 ఎపిసోడ్లు అయింది. రెండూ మంచివే. కానీ రెండూ ఒక కథ కాదు. పన్నెండు ఎపిసోడ్లలో ఆఫీసు మేనేజరు మనల్ని ఇబ్బంది పెట్టే మనిషిగానే చాలావరకు ఉండిపోగలడు. ఏళ్ల తరబడి ఆ మనిషిని జనం వారం వారం ఇంట్లోకి రానివ్వాలంటే, అతనిలో ప్రేమించదగ్గది ఏదో రచయితలు వెతికి తీరాలి. పొడవు మనిషి స్వభావాన్నే మార్చేసింది. ఈ ఒక్క సంగతి చాలు, ఎపిసోడ్ల లెక్క కేవలం లెక్క కాదని చెప్పడానికి.

బ్రిటన్ గురించి ఇంకో మాట. అక్కడ జనం విపరీతంగా చూసే సీరియల్ ముగియగానే, లక్షల ఇళ్లలో ఒకేసారి టీకి నీళ్లు పెడతారు. కెటిళ్లు కరెంటువి కాబట్టి దేశం మొత్తం మీద లోడు ఒక్కసారిగా లేస్తుంది. దానికోసం విద్యుత్ గ్రిడ్ అధికారులు టీవీ కార్యక్రమాల పట్టిక పక్కన పెట్టుకుని పనిచేసేవారు. వేల్స్ కొండల్లో డినోర్విగ్ అనే పంప్డ్ స్టోరేజి కేంద్రం ఉంది. పైనున్న చెరువు నీళ్లు కిందికి వదిలితే కొన్ని సెకన్లలోనే కరెంటు అందుతుంది. సీరియల్ అయ్యే క్షణానికి ఆ నీళ్లు సిద్ధంగా ఉండాలి. ఇది చదివినప్పుడు నాకు అత్తయ్య కుక్కరు గుర్తొచ్చింది. ఇక్కడ బ్రేక్‌లో గ్యాస్ వెలుగుతుంది, అక్కడ ముగింపులో కెటిల్ వెలుగుతుంది. కథ చుట్టూ వంటిల్లు తిరగడం ఒక్క మన ఊరి సంగతి కాదు.

వంటిల్లు అన్నాక జపాన్ దగ్గర కాసేపు ఆగాలి. అక్కడి టీవీ సంస్థ ఎన్‌హెచ్‌కే ప్రతి ఉదయం ఒక సీరియల్ వేస్తుంది. ఎపిసోడ్ పదిహేను నిమిషాలు. 1961లో మొదలైన ఈ ఆచారం ఇవాళ్టికీ నడుస్తోంది. దాని అసలు పేరుకి అర్థం 'ధారావాహిక టీవీ నవల' అని. వార్తాపత్రికలో రోజూ ఒక చిన్న భాగం వచ్చే నవలని మనసులో పెట్టుకుని పుట్టించారు. ఏప్రిల్‌లో ఒకటి మొదలవుతుంది, అక్టోబరులో ఇంకొకటి. ఒకటి టోక్యో తీస్తే ఇంకొకటి ఒసాకా తీస్తుంది. ఆర్నెల్లకి కథ అయిపోతుంది. అయిపోతుందని అందరికీ తెలుసు, దేశం మొత్తానికి తేదీతో సహా తెలుసు.

ఉదయం ఎనిమిది అంటే ఎలాంటి వేళ? పిల్లలు బడికి బయల్దేరుతుంటారు, ఆడవాళ్ల చేతులు ఖాళీగా ఉండవు. అందుకే ఆ సీరియళ్లలో కథ చెప్పే గొంతు ఒకటి ఎక్కువగా వినిపిస్తుంది. గిన్నెలు తోముకుంటూ, తెర వైపు చూడకుండా, చెవితోనే కథ అందుకోవచ్చు. చూసేవాళ్ల చేతుల్లో ఏముందో ఆలోచించి అల్లిన పద్ధతి అది. పదిహేను నిమిషాల్లో పెద్ద యుద్ధాలు జరగవు. ఒక అమ్మాయి ఊరు వదిలి వెళ్తుంది, ఒక తండ్రి ఒక మాట అనకుండా మింగుతాడు, అంతలో అయిపోతుంది. రోజుకి అంతే. కానీ ఆర్నెల్ల తర్వాత చూస్తే ఒక జీవితం మొత్తం కళ్లముందు నడిచి వెళ్లి ఉంటుంది. 1983లో వచ్చిన 'ఓషిన్' మాత్రం ఆర్నెల్లు కాక ఏడాది నడిచింది, 297 ఎపిసోడ్లు. పేద రైతు ఇంట పుట్టి, బియ్యం బస్తాకి బదులుగా పనిలోకి పంపబడిన పిల్ల కథ అది. హషిదా సుగాకో రాసింది. అరవైకి పైగా దేశాలు దాన్ని తమ భాషల్లో చూసి ఏడ్చాయి. రోజుకి పావుగంట కథ అన్ని సముద్రాలు దాటిందంటే, చిన్న కొలతలో పెద్ద కథ పట్టదన్న మాట నిలవదు.

జర్మనీలో ఆదివారం రాత్రి ఎనిమిదింబావుకి 'టాటోర్ట్' వస్తుంది. 1970 నుంచీ వస్తోంది. ప్రతి భాగమూ గంటన్నర నిడివి గల విడి కథ. ఒక్కో ప్రాంతపు స్టేషన్ తన నగరంలో తన పోలీసుల్ని పెట్టి తీస్తుంది. ఈ వారం మ్యూనిక్ అయితే పై వారం కొలోన్. మన దగ్గర జిల్లాకో ఇన్‌స్పెక్టర్‌ని పెట్టి అలా తీస్తే, రాయలసీమ యాసలో ఒక ఆదివారం, ఉత్తరాంధ్ర యాసలో ఒక ఆదివారం, కరీంనగర్ మాటలో ఒక ఆదివారం కథ వింటే ఎంత బాగుంటుందో అనిపిస్తుంది.

అరబ్బు దేశాల్లో కొలత చంద్రుడు ఇచ్చాడు. రంజాన్ నెలకి ముప్ఫై దాకా రాత్రులు, కాబట్టి సీరియల్‌కి ముప్ఫై ఎపిసోడ్లు. ఉపవాసం విడిచి, ఇంటిల్లిపాదీ ఒకచోట కూర్చునే వేళ అది. కైరోలో, డమాస్కస్‌లో ఏడాదంతా తీసినదాన్ని ఆ ఒక్క నెలలో వడ్డిస్తారు. పండగతోపాటు కథా ముగుస్తుంది.

కొరియా పద్ధతి ఇప్పుడు మన పిల్లలకి మనకన్నా బాగా తెలుసు. వారానికి రెండు రోజులు వరసగా వస్తుంది, సోమ మంగళ, బుధ గురు, లేదంటే శని ఆది. ఎపిసోడ్ గంటా పది నిమిషాల దాకా ఉంటుంది. ఎనిమిది వారాల్లో పదహారు పూర్తవుతాయి. ఇంత పొడవైన ఎపిసోడ్ మధ్యలో ప్రకటన లేకుండా ఎలా నడిచిందంటే, పెద్ద టీవీ సంస్థలు కార్యక్రమం మధ్యలో ప్రకటన వేయకూడదని 1974 నుంచి నిబంధన ఉండేది. 2021లో గానీ తీయలేదు. ఆ మధ్యలో వాళ్లు కనిపెట్టిన ఉపాయం చూడండి. డెబ్భై నిమిషాల ఎపిసోడ్‌ని నడిమికి విరిచి, ముప్ఫై అయిదు నిమిషాల రెండు ఎపిసోడ్లు అన్నారు. రెండు కార్యక్రమాల మధ్యలో ప్రకటన వేసుకోవచ్చు కదా! దాంతో పదహారు కాస్తా ముప్ఫై రెండయింది. కథ పెరగలేదు, అంకె పెరిగింది.

తుర్కియేలో మాత్రం నిజంగా కథే పెరిగింది, మనుషుల వెన్ను విరిగేలా పెరిగింది. అక్కడ సీరియల్ వారానికి ఒకసారే వస్తుంది. కానీ ఆ ఒక్క ఎపిసోడ్ రెండు గంటలు, రెండుంబావు, కొన్ని రెండున్నర గంటలు. ప్రకటనలతో కలిపితే రాత్రి ఎనిమిదికి మొదలైంది అర్ధరాత్రికి దగ్గరపడుతుంది. సాయంత్రం మొత్తానికి రెండు మూడు కార్యక్రమాలు తీయించడం కన్నా ఒక్కదాన్నే సాగదీస్తే ఛానల్‌కి చవక. అలా ఏడాదికేడాది కొంచెం కొంచెంగా పెరుగుతూ పోయింది. అంటే ఒక యూనిట్ ప్రతి వారం ఒక పూర్తి సినిమా తీయాలి. వారం తర్వాత వారం, నెలల తరబడి. వాళ్ల సీరియళ్లలో ఇద్దరు ఒకర్నొకరు చూసుకుంటూ సముద్రం ఒడ్డున చాలాసేపు నిలబడతారు, వెనక సంగీతం వస్తుంది. ఆ నిదానం ఎంతో అందంగా ఉంటుంది, ప్రపంచం దాన్నే ప్రేమించింది. ఆ నిదానానికి ఒక కారణం, పూరించాల్సిన నిమిషాలు చాలా ఉండటం.

2010 చివర్లో అక్కడి నటులూ సాంకేతిక నిపుణులూ ఇస్తాంబుల్ వీధుల్లోకి వచ్చారు. 'మన సీరియళ్లు మితిమీరిన పొడవు' అన్న అర్థం వచ్చే నినాదం పట్టుకొచ్చారు. తుర్కీ భాషలో అది ప్రాస కుదిరిన మాట, ఇట్టే నోటికెక్కుతుంది. నిద్ర లేని డ్రైవర్లు, తెల్లవారుజామున నాలుగింటికి లైట్లు మోసే కుర్రాళ్లు, ఇంటి ముఖం చూడని తల్లులు అందులో ఉన్నారు. వాళ్లు అడిగింది జీతం ఒక్కటే కాదు, కథ చిన్నది చేయమని. ఇంతా చేసి ఆ సీరియల్ విదేశాలకి వెళ్లేటప్పుడు ఒక్కో ఎపిసోడ్‌ని రెండు మూడు ముక్కలు చేసి, ముక్కకి ముప్పావుగంట చొప్పున అమ్ముతారు. బయటి వాళ్లకి సరిపోయిన కొలత ఇంట్లో ఎందుకు సరిపోదన్నది ఆ కార్మికుల ప్రశ్నలోనే ఉంది.

ఇక మన సంగతికొస్తే, మన సీరియల్ ఎక్కడో మెక్సికోలో మొదలైందని చెబితే చాలామంది నమ్మరు. లాటిన్ అమెరికాలో టెలినోవెలా అనేది ఒక పద్ధతి. రోజూ వస్తుంది, నూట యాభై దగ్గరో రెండొందల దగ్గరో ఆగుతుంది. ఎంత పేరొచ్చినా ఆగుతుంది. నవల లాగా దానికి చివరి పేజీ ఉంటుంది. 1969లో పెరూలో 'సింప్లెమెంతె మరియా' అని ఒకటి వచ్చింది. పల్లె నుంచి పట్నం వచ్చిన పనిపిల్ల కుట్టుపని నేర్చుకుని పైకొచ్చే కథ. అది చూసి ఎందరో పనమ్మాయిలు కుట్టు క్లాసుల్లో చేరారు. మెక్సికోలో మిగెల్ సబీదో అనే ఆయన దీన్ని గమనించాడు. కథ మనుషుల్ని కదిలిస్తుంటే, మంచి వైపు కావాలనే కదిలిద్దాం అనుకున్నాడు. 1975లో వయోజన విద్య మీద ఒక టెలినోవెలా తీశాడు. చదువుకోవడానికి పుస్తకాలు ఎక్కడ ఇస్తారో తెరమీద చెప్తే, మర్నాడు అక్కడ వేలమంది వచ్చి నిలబడ్డారు.

అప్పటి మన సమాచార, ప్రసారాల మంత్రి వసంత్ సాఠే 1982లో మెక్సికో వెళ్లి ఇది చూసి వచ్చారు. అలా పుట్టింది 'హమ్ లోగ్'. 1984 జులై 7న దూరదర్శన్‌లో మొదలైంది. మనోహర్ శ్యామ్ జోషి రాశారు. ప్రతి ఎపిసోడ్ చివరా అశోక్ కుమార్ వచ్చి, ఇంటి పెద్దలా జరిగినదాని గురించి రెండు మాటలు చెప్పి వెళ్లేవారు. హిందీ అంతంతమాత్రంగా వచ్చే మన ఇళ్లలో కూడా ఆయన గొంతు కోసం కూర్చున్నవాళ్లున్నారు. దూరదర్శన్‌కి లక్షల్లో ఉత్తరాలు వెళ్లాయి. అందులోని పెద్దమ్మాయి బడ్కీకి పెళ్లెప్పుడని అడిగేవాళ్లు, సలహాలిచ్చేవాళ్లు. మొత్తం 156 ఎపిసోడ్లు. 1985 డిసెంబరులో ముగిసింది.

ఆ 156 అనే అంకెని చేతిలో పెట్టుకుని చూడండి. పదమూడు పన్నెండ్లు. దూరదర్శన్ కాలంలో సీరియల్‌కి కొలబద్ద పదమూడు. మూడు నెలలకి పదమూడు వారాలు కాబట్టి, మంజూరు ఆ లెక్కన ఇచ్చేవారు. శంకర్ నాగ్ 'మాల్గుడి డేస్' మొదట ముప్ఫై తొమ్మిది. 'రామాయణ్' యాభై రెండు అనుకుని డెబ్భై ఎనిమిది దగ్గర ఆగింది, అదీ ఆరు పదమూళ్లే. 1987లో ఆదివారం పొద్దున ఊళ్లల్లో బస్సులు ఖాళీగా తిరిగిన సంగతి మా వయసు వాళ్లకి జ్ఞాపకం. లంకా దహనం ఏ ఆదివారం వస్తుందో పిల్లలం లెక్కలేసుకునేవాళ్లం. వారమంతా ఎదురుచూడటం కూడా కథలో భాగంగానే ఉండేది.

తెలుగులో ఆ వారం లెక్కని గొప్పగా నిలబెట్టింది 'అమృతం'. గుణ్ణం గంగరాజు గారి సృష్టి. 2001 నవంబరు నుంచి 2007 నవంబరు దాకా ఆదివారం రాత్రిళ్లు వచ్చింది, 313 ఎపిసోడ్లు. ఆరేళ్లకి ఎన్ని ఆదివారాలో అన్ని. ఏ ఎపిసోడ్ కథ చాలావరకు ఆ ఎపిసోడ్‌లోనే ముగిసేది. అందుకే ఇవాళ ఎక్కడ తెరిచి చూసినా నిండుగా ఉంటుంది. అమెరికాలో ఉద్యోగాలు చేసుకుంటున్న మన పిల్లలు అర్ధరాత్రి వంట చేసుకుంటూ అవే మళ్లీ మళ్లీ పెట్టుకోవడం నేను చూశాను.

దినసరి సీరియల్ దారి వేరు. సోమవారం నుంచి శనివారం దాకా రోజూ రావాలి. మన కేబుల్ టీవీ నియమాల ప్రకారం గంటకి ప్రకటనలు పన్నెండు నిమిషాలు దాటకూడదు. టైటిల్స్, నిన్నటి కథ, రేపటి కథ పోగా అరగంటలో మిగిలేది ఇరవై, ఇరవై రెండు నిమిషాల బొమ్మ. దాన్ని రోజూ తీయాలి. ముందే తీసిపెట్టిన పది ఎపిసోడ్ల బ్యాంక్ చేతిలో ఉంటే నిర్మాత ప్రాణం కుదుటపడుతుంది. వాన పడినా, హీరోయిన్‌కి జ్వరమొచ్చినా ఆ బ్యాంక్ కరిగిపోతుంది. గురువారం రేటింగులొస్తాయి. అంకె పడిందంటే శుక్రవారం కథ మారుతుంది. చచ్చిపోయినవాళ్లు తిరిగొస్తారు, ఊరెళ్లినవాళ్లకి కవల పుడుతుంది. ఒక మాటకి ఆరుగురి ముఖాలు ఒక్కొక్కటే చూపిస్తారు. అది దర్శకుడికి చేతకాక కాదు. రేపటికి కథ మిగలాలి. ఈటీవీలో 'అభిషేకం' 2008లో మొదలై 2022 దాకా సాగింది, నాలుగు వేల ఎపిసోడ్లు. 'కార్తీక దీపం' పదిహేను వందలు దాటింది. జపాన్ ఉదయపు నవలలు పదికి పైగా ఒకదాని వెనక ఒకటి పేర్చితే గానీ అంత కావు.

దీన్ని తీసిపారేసేవాళ్ల మాట నేను ఒప్పుకోను. భర్త పోయి, పిల్లలు హైదరాబాద్‌లోనో డాలస్‌లోనో ఉండి, సాయంత్రం పలకరించే మనిషి లేని ఇళ్లు మన ఊళ్లల్లో ఎన్నో. ఆ ఇళ్లకి రోజూ ఏడింటికి తప్పకుండా వచ్చేది ఆ సీరియల్ ఒక్కటే. అది సాహిత్యమా కాదా అన్నది అత్తయ్య లాంటివాళ్లకి పట్టదు. మనిషి వచ్చిందా లేదా అన్నదే పట్టింపు. నాలుగు వేల ఎపిసోడ్లంటే పదమూడేళ్ల సహవాసం. దాన్ని కొరియా పదహారు ఎపిసోడ్ల పక్కన పెట్టి తూచడం న్యాయం కాదు.

నా బాధ పొడవు గురించి కాదు. ముగింపు గురించి. అమెరికాలో 'గైడింగ్ లైట్' రేడియోలో 1937లో మొదలై, 1952లో టీవీకొచ్చి, 2009 దాకా బతికింది. పావుగంటగా మొదలై అరగంటై గంటయింది. డెబ్భై రెండేళ్ల తర్వాత దాన్ని ఆపాలనుకున్నప్పుడు ఆ సంగతి నెలల ముందే చెప్పారు. జనం వీడ్కోలు చెప్పుకున్నారు. టెలినోవెలా చివరి వారమంటే బ్రెజిల్‌లో ఊరంతా ఒకచోట చేరుతుంది. 2012లో 'అవెనీదా బ్రసీల్' 179వ ఎపిసోడ్‌తో ముగిసిన రాత్రి వీధులు బోసిపోయాయి. ముగింపుని అంత పండగలా చేసుకునే జనం అక్కడున్నారు. మన దగ్గర వెయ్యి రోజులు వెంట నడిచిన మనిషికి నాలుగు రోజుల ముందైనా చెప్పకుండా తలుపు వేసేస్తున్నారు. స్లాట్ ఖాళీ చేయాలి, పై సోమవారం కొత్తది వస్తుంది, అంతే. రచయితకి కూడా ఆ కబురు అప్పుడే అందుతుంది. తాను పెంచిన మనుషుల్ని ఒక దరికి చేర్చడానికి అతనికి నాలుగు ఎపిసోడ్లు మిగులుతాయి.

ఇది మన పద్ధతి కాదు. హరికథలో దాసుగారు మంగళం పాడకుండా లేవరు. బుర్రకథ మూడు రాత్రులు చెబుతామని ఊళ్లో చాటింపు వేస్తే, మూడో రాత్రికి కథ గట్టున పడాలి. ఏ రాత్రి ఎక్కడ ఆపితే జనం రేపు మళ్లీ చాపలు పట్టుకొస్తారో వాళ్లకి తెలుసు, ఎక్కడ ముగించాలో ఇంకా బాగా తెలుసు. వారపత్రికల్లో నవల చదువుకున్న తరానికి 'సశేషం' ఎంత తీపో, 'వచ్చే సంచికలో ముగింపు' అన్న చిన్న అక్షరాలు అంత బరువు. ఆ వారం పత్రిక కోసం పోస్ట్‌మాన్‌కి ఎదురెళ్లినవాళ్లు ఇంకా మనలోనే ఉన్నారు. మన పాత సినిమాల చివర 'శుభం' అని పడేది. అది పడేదాకా హాల్లో ఎవరూ లేచేవారు కాదు.

ఫోన్ల కాలంలో ఈ కొలతలన్నీ కరిగిపోతున్నాయి. 2013లో 'హౌస్ ఆఫ్ కార్డ్స్' పదమూడు ఎపిసోడ్లూ ఒకే రోజు ఇచ్చేశారు. వారాలు పోయినా పదమూడు మాత్రం మిగిలింది, పాత అలవాటు. 'స్క్విడ్ గేమ్'లో ఒక ఎపిసోడ్ గంట దాటితే ఇంకొకటి అరగంటే. చైనా ఒక సీరియల్ నలభై ఎపిసోడ్లు మించకూడదని 2020లో చెప్పింది. అదే చైనా నుంచి ఇప్పుడు నిమిషం, నిమిషంన్నర ఎపిసోడ్లు నిలువు తెర మీద వస్తున్నాయి. గడియారం లేకపోతే కథ ఎంతుండాలో కథే చెప్పాలి. అది మంచిదే. అయితే ఏడింటికి ఎవరొస్తారన్న ప్రశ్నకి అందులో జవాబు దొరకదు.

మూడో రోజు నేను బయల్దేరేముందు సాయంత్రం ఏడయింది. అత్తయ్య అలవాటుగా బియ్యం కడిగింది, కుక్కరు మూత బిగించింది, వచ్చి కూర్చుంది. టీవీలో కొత్త సీరియల్ వస్తోంది. రెండు నిమిషాలు చూసి, ఆ ముఖాలు తెలియక, గొంతు తగ్గించేసింది. మనవరాలు ఫోన్ పట్టుకుని వచ్చి పక్కన కూర్చుంది. "ఆఖరిది నానమ్మా, చూస్తావా? తెలుగులోనే మాట్లాడతారు" అంది. ఆవిడ కళ్లజోడు వెతుక్కుంది. ఎవరీ పిల్ల, ఎవరీ అబ్బాయి, వాళ్లమ్మ ఎందుకలా ఉంది అని అడుగుతూ ఉంటే, ఆ పిల్ల పదిహేను ఎపిసోడ్ల కథా చెబుతూ పోయింది. మంచు పడుతోంది, ఎవరో ఎవరినో రైలెక్కిస్తున్నారు. గంటసేపట్లో ఒక్క బ్రేక్ రాలేదు. వంటింట్లో కుక్కరు వెలిగించనేలేదన్న సంగతి ఇద్దరికీ గుర్తులేదు. నేను వెళ్లి వెలిగించాను.